మందమర్రిలో ఆగిన సోమవారం

పొద్దున ఎనిమిదిన్నర కావస్తోంది. మందమర్రి స్టేషన్‌లో పుష్‌పుల్ బండి లూప్‌లైన్ మీదికి వచ్చి నిలబడి చాలాసేపైంది. తలుపుల దగ్గర కూర్చున్న కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే దిగి కంకర మీద పచార్లు చేస్తున్నారు. తాండూరు అడవి వైపు నుంచి సీతాఫలాలు తెస్తున్న ఇద్దరు ఆడవాళ్లు గంపల మీది ఆకులు తీసి, మెత్తబడ్డ కాయలను వేరే పెడుతున్నారు. పొద్దెక్కినకొద్దీ మెత్తటి కాయ ఇంకా మెత్తబడుతుంది. మంచిర్యాల మార్కెట్లో దానికి సగం ధర కూడా రాదు.

కిటికీ పక్కన ఒక ముసలామె. ఒళ్లో ప్లాస్టిక్ కవర్. అందులో పాత పట్టాదారు పాస్‌బుక్, కొత్త పాస్‌బుక్ జిరాక్సు, ఆధార్ కార్డు, ఎవరితోనో రాయించుకున్న అర్జీ. పాత పుస్తకంలో ఉన్న ఎకరం పది గుంటలు కొత్త పుస్తకంలోకి ఎక్కలేదు. రేచ్నీ రోడ్‌లో బండెక్కింది. మంచిర్యాలలో దిగి, ఆటో పట్టుకుని నస్పూర్ కలెక్టరేట్‌కు పోవాలి. ఇవాళ సోమవారం, కలెక్టర్ అర్జీలు తీసుకునే ప్రజావాణి.

"ఎటు పోతాన్నవ్ పెద్దమ్మా?" ఎదురు సీటులోని పెద్దమనిషి పలకరించాడు. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయినవాడు.

"నస్పూరు బిడ్డా. కలెక్టరాఫీసుకు. ఇది ఎప్పుడు కదుల్తదో ఏమో."

"ఇప్పట్ల కదలది. ఎనుక వందే భారత్ వస్తాంది. దాన్ని పోనియ్యాలె."

"అది మంచిర్యాలల ఆగుతదా?"

"ఆగది. రామగుండంల ఆగుతది."

"ఆగనిదానికి పోను తొవ్వ ఉన్నది గదా. మన్నెందుకు ఆపిండ్రు?"

ఆయన నవ్వాడు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఇదే ప్రశ్న ఎంతమంది అడిగి ఉంటారో.

కాసేపటికి పట్టాలు అదిరాయి. మెయిన్ లైన్ మీద వందే భారత్ దూసుకుపోయింది. ఇరవై పెట్టెలు. మాట్లాడుతున్న మాట పూర్తయ్యేలోపే వెళ్లిపోయింది. అద్దాల వెనక మనుషులకంటే ఖాళీ సీట్లే ఎక్కువ కనిపించాయని పిల్లల్లో ఒకడన్నాడు. పుష్‌పుల్ సిగ్నల్ మాత్రం ఎర్రగానే ఉంది. వెనక ఇంకో సూపర్‌ఫాస్ట్ ఉందట.

2024 అక్టోబర్‌లోని ఒక సోమవారాన్ని ఇలా ఊహించి రాశాను. ఈ బండిలోని మనుషులకు పేర్లు పెట్టలేదు. వాళ్లు ఏ ఒక్కరో కాదు, ఈ దారిన తిరిగే పలువురిని కలిపి అల్లినవాళ్లు. పట్టాలు, తేదీలు, లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నాగపూర్ – సికింద్రాబాద్ వందే భారత్ 2024 సెప్టెంబర్ 16న మొదలైంది. తెల్లవారుజామున 5 గంటలకు నాగపూర్‌లో బయలుదేరి, సేవాగ్రామ్, చంద్రాపూర్, బల్హార్షా, రామగుండం, కాజీపేటలలో ఆగి మధ్యాహ్నానికి సికింద్రాబాద్ చేరుతుంది. మొదట్లో మంచిర్యాల జిల్లాలో ఎక్కడా ఆపలేదు. 20 పెట్టెలతో మొదలైన ఆ బండికి జనం చాలక 2025 ఫిబ్రవరిలో 8 పెట్టెలకు కుదించారు. ఆ కుర్రాడు చూసింది తప్పుకాదు. ఖాళీ బండికి దారి ఇవ్వడానికి నిండు బండి పక్కకు జరిగింది.

అయితే ఇందులో వందే భారత్‌ను తిట్టిపోయడానికి పెద్దగా ఏమీ లేదు. అది రాకముందూ ఈ పుష్‌పుల్ ఇట్లాగే ఆగేది. అప్పుడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కోసం, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ కోసం, కేరళ ఎక్స్‌ప్రెస్ కోసం, జీటీ కోసం. కాజీపేట – బల్హార్షా దారి 234 కిలోమీటర్లు. ఢిల్లీని మద్రాసుతో కలిపే గ్రాండ్ ట్రంక్ మార్గంలో ఆఖరున పూడిన ఖాళీ ఇదే. నిజాం రైల్వే 1929లో దీన్ని పూర్తిచేసింది. అదే ఏడు గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది, తొలుత పెషావర్ నుంచి మంగళూరు దాకా. అంటే ఈ పట్టాలు పుట్టిందే దూరపువాళ్ల కోసం. బెల్లంపల్లి, మందమర్రి, మంచిర్యాల నడుమ వచ్చిన ఊళ్లు. ఇక బొగ్గు సంగతి చెప్పనక్కరలేదు. పైనుంచి ఎక్స్‌ప్రెస్‌లు, కిందినుంచి బొగ్గు. పాసింజర్ బతుకు ఈ రెంటి మధ్య సందులో.

పాయింట్స్‌మన్ ముసలామెకు వివరిస్తున్నాడు.

"ఒక టేషన్ నుంచి ఇంకో టేషన్ దాక ఒక ముక్క అనుకో పెద్దమ్మా. ఆ ముక్కల ఒక్క బండే ఉండాలె. ఉన్నది పోతెనే ఇంకోటి. మనది ఎట్ల పోతది? ఆగుడు, లేసుడు, ఆగుడు, లేసుడు. అది నూటముప్పై మీద వస్తది. మన్ని ముందుగాల ఇడిస్తే అదొచ్చి మన తోకకు తాకుతది. అందుకని మన్ని ఇట్ల పక్కకు గుంజి పెడుతరు."

"మరి మూడో పట్టా ఏసిండ్రు గదా ఈడ?"

"ఏసిండ్రు. దాని మీద బొగ్గు బండి నిలవడ్డది, సూడు అగో."

ఆమె చూసింది. మూడో లైన్ మీద వ్యాగన్లు. ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ అయిపోతాయో కిటికీలోంచి కనిపించలేదు. ఒక బొగ్గు బండికి 58, 59 వ్యాగన్లు. పొడవు ఆరువందల మీటర్ల పైన. నిండితే సుమారు 4 వేల టన్నులు. అది నిలబడ్డ లైన్‌లోకి ఇంకో బండి రాదు.

"గూడ్సు కంటె మనమే ముందు పోవాలె, కాయిదం మీద," అన్నాడాయన. "కాని నిండు గూడ్సును ఆపితే డ్రైవర్ల డ్యూటీ గంటలు అయిపోతయి. దిగి పోతరు. బండి ఆడ్నే అడ్డం పడ్తది. కంట్రోల్ల కూసున్నోడు ఏం జెయ్యాలె? మన్ని ఆపితే ఎవ్వడు అడుగడు. సికింద్రాబాద్ నుంచి ఫోన్ రాదు."

పెండ్లిలో చుట్టాలకు మొదటి బంతి, ఊరివాళ్లకు రెండో బంతి, ఇంటివాళ్లకు ఆఖరి బంతి. ఆఖరి బంతికి వచ్చేసరికి కూరలు అయిపోయి చారే మిగిలినా ఇంటివాళ్లు ఏమీ అనరు. బొగ్గు తవ్వే ఊళ్ల పాసింజర్‌కు ఈ పట్టాల మీద దక్కుతున్నది ఆ ఆఖరి బంతే. కాగితం మీది వరస వేరు, కంట్రోల్ గదిలోని వరస వేరు కావడం మన దగ్గరే కాదు. అమెరికాలో సరుకు బండి కంటే ప్రయాణికుల బండికి ముందు దారి ఇవ్వాలని 1973 నుంచీ చట్టమే ఉంది. అయినా ప్రభుత్వ ప్రయాణికుల సంస్థ ఆమ్‌ట్రాక్ బండ్లు ప్రైవేటు సరుకు కంపెనీల పట్టాల మీద గంటలకు గంటలు నిలబడుతూనే ఉన్నాయి. 2024 జూలైలో అక్కడి న్యాయశాఖ ఒక సరుకు రైల్వే కంపెనీ మీద కోర్టుకెక్కింది. మన దగ్గర పట్టాలూ, సరుకు బండీ, పాసింజరూ అన్నీ ఒకరివే. కోర్టుకెక్కడానికి కూడా ఎదుటి పార్టీ లేదు.

నస్పూర్‌లో ఈ ముచ్చట ఇంకొంచెం వింతగా ఉంటుంది. శ్రీరాంపూర్ గనుల బొగ్గు పోగై వ్యాగన్లలో పడేది ఇక్కడే. బొగ్గు నింపే సీహెచ్‌పీ దాకా పట్టాలున్నాయి. సీసీసీ కార్నర్ నుంచి, షిర్కే కాలనీ నుంచి, నాగార్జున కాలనీ నుంచి బండెక్కాలంటే మాత్రం మంచిర్యాల పోవాల్సిందే. బొగ్గుకు గుమ్మంలోకి వచ్చిన రైలు మనిషికి రాలేదు. ఖమ్మం వైపు దీనికి పెద్దన్న లాంటిది ఉంది. భద్రాచలం రోడ్ – సత్తుపల్లి లైన్, 54 కిలోమీటర్లు, ఖర్చులో పెద్ద భాగం సింగరేణి బొగ్గు సంస్థది. 2022లో తెరిచారు, బొగ్గు కోసం. ప్రయాణికుల బండి వేయమని అక్కడివాళ్లు అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నారు.

సిగ్నల్ పడ్డప్పుడు తొమ్మిదిన్నర దాటింది. పిల్లలు పరుగున వచ్చి ఎక్కారు. రవీంద్రఖనిలో ఆగి బయలుదేరిన బండి మంచిర్యాల ఔటర్‌లో మళ్లీ నిలబడింది. ప్లాట్‌ఫారం ఖాళీ లేదు. స్టేషన్ కనిపిస్తూనే ఉంది. పిల్లలు దూకి నడుచుకుంటూ పోయారు. సీతాఫలాల గంపతో దూకలేరు, మోకాళ్ల నొప్పులతో దూకలేరు. ఆ ముగ్గురు ఆడవాళ్లూ కూర్చునే ఉన్నారు.

ముసలామె మనుమడు కలెక్టరేట్ గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. శ్రీరాంపూర్‌లో కాంట్రాక్ట్ కార్మికుడు. నైట్ షిఫ్ట్ దిగి, ఇంటికి పోయి స్నానం మాత్రం చేసి వచ్చాడు. ఫోన్ మోగినప్పుడల్లా ఒకటే మాట.

"యాడున్నవే అమ్మమ్మా?"

"మంచిర్యాల కనవడుతాంది బిడ్డా. బండే పోతలేదు."

2016 అక్టోబర్‌లో మంచిర్యాల జిల్లా అయింది. అంతకుముందు తాండూరు, బెల్లంపల్లి వాళ్లకు కలెక్టర్‌తో పని పడితే ఆదిలాబాద్ పోవాల్సి వచ్చేది. రాను పోను ఒక రోజు. జిల్లా చిన్నదైతే పని దగ్గరైందనుకున్నారు. 2023 జూన్‌లో నస్పూర్‌లో కొత్త కలెక్టరేట్ తెరిచారు. భవనం బాగుంది, విశాలంగా ఉంది. జిల్లా ఉత్తరపు కొస నుంచి దక్షిణానికి రైలు మార్గం సరిగ్గా గీత గీసినట్టు ఉంది. ఆ గీత మీద పొద్దున జనాన్ని దించి సాయంత్రం తీసుకుపోయే నమ్మకమైన బండి ఒకటుంటే చాలు. అదే లేదు.

ముసలామె కలెక్టరేట్ గేటు చేరేసరికి పన్నెండు దాటింది. అర్జీదారుల వరస అయిపోయింది. ఇన్‌వార్డులో అర్జీ తీసుకుని, నంబర్ వేసి, రసీదు ఇచ్చారు. కలెక్టర్ ఎదుట నిలబడి పాత పుస్తకం తెరిచి చూపిద్దామనుకున్న మాట అలాగే కవర్‌లో ఉండిపోయింది.

"మళ్ల సోమారం రా అమ్మమ్మా. ముందురోజే మా ఇంటికి వచ్చి పండుకో."

"ఆదివారం వస్తే బర్రెను ఎవరు పిండుతరు?"

ఈ జవాబుకు మనుమడి దగ్గర మాట లేదు. రైల్వే దగ్గరా లేదు.

రైల్వే దగ్గర ఉన్నది వేరే లెక్క. ప్రయాణికుడి మీద 100 రూపాయలు ఖర్చయితే 54 రూపాయలే తీసుకుంటున్నామని రైల్వే మంత్రి 2024లో చెప్పారు. 2021–22లో ప్రయాణికుల సర్వీసుల మీద వచ్చిన నష్టం 68,269 కోట్లని కాగ్ తేల్చింది. ఆ నష్టాన్ని పూడ్చేది సరుకు రవాణా. సరుకులో మొదటి పేరు బొగ్గు. కాబట్టి బొగ్గు ముందు పోవాలి, పోతేనే పాసింజర్ టికెట్ చవకగా ఉంటుంది. వాదన వినడానికి సబబుగానే ఉంది. ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసే సింగరేణి ఊళ్లవాళ్లకు మాత్రం ఇది ఇంకోలా వినబడుతుంది: మీ బొగ్గు వల్లే మీ టికెట్ చవక, మీ బొగ్గు వల్లే మీ బండి లేటు.

2022 ఏప్రిల్ ఎండల్లో కరెంటు కొరత వచ్చినప్పుడు ఈ వాదన నగ్నంగా బయటపడింది. బొగ్గు బండ్లకు దారి కోసం దేశంలో 650కి పైగా ప్రయాణికుల ట్రిప్పులు రద్దుచేశారు. ఎక్కువ దెబ్బ ఛత్తీస్‌గఢ్ వైపు పడింది. అవీ బొగ్గు ఊళ్లే.

చవక టికెట్ అన్నామా, ఆ చవక కూడా నాలుగేళ్లు లేదు. 2020 మార్చిలో కరోనా అని బండ్లన్నీ ఆపారు. ఎక్స్‌ప్రెస్‌లు ముందు వచ్చాయి, పాసింజర్లు చివరన వచ్చాయి. వచ్చేటప్పుడు వేషం మార్చుకుని వచ్చాయి. అదే బండి, అవే స్టేషన్లు, అదే నడక. పేరు మాత్రం ఎక్స్‌ప్రెస్ స్పెషల్. 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది. 58 దాటిన ఆడవాళ్లకు సగం టికెట్ రాయితీ ఉండేది, అది 2020 మార్చి 20న పోయింది, ఇప్పటికీ తిరిగి రాలేదు. పాత చార్జీ 2024 ఫిబ్రవరి ఆఖరున తిరిగొచ్చింది, లోక్‌సభ ఎన్నికలకు ముందు. ఈ నాలుగేళ్లలో జనం ఏం చేశారు? షేర్ ఆటోలు అలవాటు చేసుకున్నారు, బైకులు కొన్నారు. 2023 డిసెంబర్ నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. పాసింజర్ పాత ధరకు తిరిగి వచ్చేసరికి దాని జనంలో ఆడవాళ్ల చేతిలో బస్సు జీరో టికెట్.

అసలు తిరకాసు ఇక్కడే మొదలవుతుంది. ఒక స్టేషన్‌లో బండి ఆపాలా వద్దా అన్నది రైల్వే టికెట్ల అమ్మకం చూసి తేలుస్తుంది. ఒక ఎక్స్‌ప్రెస్‌ను ఒకసారి ఆపి లేపితే అయ్యే ఖర్చు 16,672 నుంచి 22,442 రూపాయలని రైల్వే బోర్డు లెక్కగట్టింది. కరెంటు, బ్రేకుల అరుగుదల, పోయిన సమయం అన్నీ కలిపి. ఆగినచోట ఆ మేరకు టికెట్లు అమ్ముడవాలి. రేచ్నీ రోడ్ లాంటి స్టేషన్ ఆ లెక్కకు ఎన్నడూ అందదు. బండి సమయానికి రాదు కాబట్టి జనం ఎక్కరు. ఎక్కరు కాబట్టి టికెట్లు తెగవు. తెగవు కాబట్టి ఇంకో బండి అడిగే మొహం ఉండదు. కాగితాల్లో అది డిమాండ్ లేని స్టేషన్. మందమర్రి లూప్‌లైన్‌లో గడిచిన గంట ఏ రిజిస్టర్‌లోనూ డిమాండ్‌గా ఎక్కదు.

మందు ఏమిటంటే మూడో లైన్ అంటారు. కాజీపేట – బల్హార్షా మూడో లైన్ 2015–16లో మంజూరైంది. 202 కిలోమీటర్లు, అంచనా 2,063 కోట్లు. రాఘవాపూర్ – మందమర్రి ముక్క అంతకుముందే వేరుగా మంజూరైంది. మిగతాది ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వస్తోంది. భూమి సేకరణ ఒక ఆలస్యం, వంతెనలు ఒక ఆలస్యం. ఉత్తరాన మాకుడి – రేచ్నీ రోడ్ మధ్య ఇంకో చిక్కు ఉంది. తాడోబా పులులు కవ్వాల్‌కు నడిచి వచ్చే దారి ఆ అడవిలోంచే. అక్కడ పట్టా వేయాలంటే వన్యప్రాణి అనుమతులు, జంతువులు దాటడానికి కింది దారులు, పై దారులు. ఇది సరైన ఆలస్యమే అంటాను. పులి అర్జీ పట్టుకుని నస్పూర్ రాలేదు, దాని తరఫున ఎవరో ఒకరు అడగాలి.

మూడో లైన్ పడితే తీరిపోతుందా? 2024 నవంబర్ 12 రాత్రి దానికి ఒక జవాబు దొరికింది. రాఘవాపూర్, రామగుండం మధ్య ఇనుప చుట్టలతో పోతున్న గూడ్సు పట్టాలు తప్పింది. 11 వ్యాగన్లు పడ్డాయి. అక్కడ మూడు లైన్లున్నాయి, మూడూ దెబ్బతిన్నాయి. ఢిల్లీ – చెన్నై దారి నడుము విరిగింది. డజన్ల కొద్దీ బండ్లు రద్దయ్యాయి, ఇంకెన్నో చుట్టూ తిరిగి పోయాయి.

ఆ రాత్రి మంచిర్యాల ప్లాట్‌ఫారం మీద మన మనుమడు ఉన్నాడనుకోండి. ఐటీఐ చేసిన తమ్ముడికి మర్నాడు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ, వాణ్ని బండెక్కించడానికి వచ్చాడు. మైకులో మొదట గంట లేటన్నారు, తర్వాత రెండు గంటలన్నారు, తర్వాత మైకు ఆగిపోయింది. ఎంక్వయిరీ కిటికీ దగ్గర గుంపు.

"సార్, బండి వస్తదా రాదా? ఒక్క మాట చెప్పుండ్రి."

"నాకే తెల్వది తమ్మీ. మూడు లైన్లు పోయినయ్. బస్టాండ్‌కు పోండ్రి, పోయి బస్సు పట్టుకోండ్రి."

కిటికీ లోపలి మనిషి ఆ పూట రైల్వేలో అందరికంటే నిజాయితీగా మాట్లాడినవాడు. తమ్ముడు బస్టాండ్‌కు పరుగెత్తాడు. అక్కడ అప్పటికే ఢిల్లీ బండి దిగినవాళ్లు, చెన్నై పోవాల్సినవాళ్లు సూట్‌కేసులతో నిలబడి ఉన్నారు.

క్రేన్లు వచ్చాయి, వందల మంది కార్మికులు రాత్రీ పగలూ పనిచేసి వ్యాగన్లు తొలగించారు. లైన్లు ఒక్కొక్కటిగా తెరిచారు. తెరిచిన మొదటి లైన్ మీద ఏది ముందు పోతుందో పాయింట్స్‌మన్‌ను అడగనక్కరలేదు.

ఇటార్సీ నుంచి విజయవాడ దాకా సరుకు బండ్లకే ప్రత్యేక కారిడార్ వేస్తామని 2021 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అలాంటిది కట్టి, బొగ్గూ ఇనుమూ దాని మీదికి పోతే ఈ పాత పట్టాల మీద పాసింజర్‌కు ఊపిరాడుతుంది. ఉత్తర, పశ్చిమ భారతంలో తూర్పు, పడమర కారిడార్లు కట్టినచోట జరిగింది అదే. మన వైపు దాని మాట ఎన్నికలప్పుడు కూడా వినబడదు. ఎన్నికలప్పుడు వినబడేది హాల్టు. ఫలానా ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆపించాం, ఫలానా ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆపించాం. హాల్టుకు జెండా ఊపొచ్చు, ఫొటో దిగొచ్చు. లూప్‌లైన్‌లో గంట తగ్గించామంటే ఎవరు ఫొటో తీస్తారు?

గోదావరి అవతలి కరీంనగర్ వాళ్లు ఇంకో రకంగా నేర్చుకున్నారు. పెద్దపల్లి – కరీంనగర్ – నిజామాబాద్ లైన్ 177 కిలోమీటర్లు, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు 1993లో మంజూరైంది. ఆఖరి ముక్క 2017 మార్చి 25న తెరుచుకుంది. మంజూరైన ఏడు పుట్టినవాళ్లు డిగ్రీ పట్టా చేతికొచ్చాక ఆ లైన్ చూశారు. చూశాక ఏముంది, దాని మీద తిరిగే బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కరీంనగర్ నుంచి కాజీపేట పోవాలంటే పెద్దపల్లిలో ఇంజన్ అటు తీసి ఇటు తగిలించాలి. ఆ తిప్పుడు తప్పించే బైపాస్ లైన్ రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అది 2025లోగానీ సిద్ధం కాలేదు. పట్టా వేయడం ఒక పోరాటం, వేసిన పట్టా మీద బండి తెచ్చుకోవడం రెండో పోరాటం. రెండో పోరాటానికి మొదటిదానికి వచ్చినంత జనం రారు.

పాయింట్స్‌మన్ ఆ సోమవారం దిగేముందు ముసలామెతో ఒక మాటన్నాడు. తన నౌకరీ రోజుల్లో పాసింజర్‌ను ఆపినప్పుడు కనీసం ఎంతసేపో ప్లాట్‌ఫారం మీది వాళ్లకు చెప్పేవాళ్లమని. టీ తాగి రమ్మనేవాళ్లమని. ఇప్పుడు ఫోన్‌లో బండి ఎక్కడుందో చూపించే యాప్‌లున్నాయి, సీటులో కూర్చున్న మనిషికి ఎందుకు కూర్చున్నాడో చెప్పేది మాత్రం లేదు. నాకైతే పట్టాల కంటే, కారిడార్ల కంటే ముందు ఈ ఒక్కటి జరగొచ్చనిపిస్తుంది. రోజుకు రెండు బండ్లు, పొద్దున జిల్లా కేంద్రానికి, సాయంత్రం తిరుగు, వీటిని ఫలానా గంటకు చేర్చి తీరుతామని టైమ్‌టేబుల్‌లో గీత గీయడం. మిగతా గంటలన్నీ వందే భారత్‌వీ, నల్లబొగ్గువీ. దీనికి కొత్త పట్టా అక్కర్లేదు. కంట్రోల్ గదికి పైనుంచి ఒక ఫోన్ రావాలి, అంతే. పాసింజర్ ఎందుకు ఆపావని అడిగే ఫోన్.

2025 సెప్టెంబర్‌లో వందే భారత్ మంచిర్యాలలో ఆగడం మొదలైంది. జెండా ఊపారు, పూలు చల్లారు, ఎవరి వల్ల ఆగిందో పార్టీలవారీగా చెప్పుకున్నారు. మంచిర్యాల వాళ్లకు నిజంగా మేలే. ఆస్పత్రి పని మీద హైదరాబాద్ పోయేవాళ్లకు మధ్యాహ్నానికల్లా సికింద్రాబాద్. ఆ ఆగడం వల్ల వెనక లూప్‌లో నిలబడ్డ పుష్‌పుల్‌కు ఇంకో నిమిషమో, రెండు నిమిషాలో కలిశాయి. అది వేరే సంగతి.

ఆ పాస్‌బుక్ పని అప్పటికీ తేలలేదనుకోండి. భూమి రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది, కొత్తగా మళ్లీ దరఖాస్తు పెట్టాలి. మనుమడు ఫోన్ చేశాడు.

"అమ్మమ్మా, వందే భారత్ ఇప్పుడు మంచిర్యాలల ఆగుతాంది."

"అట్లనా? రేచ్నీల ఆగుతదా?"

"ఆడ ఎందుకు ఆగుతదే!"

"మరి నాకెందుకు చెప్తాన్నవ్ రా? తాండూరు ఐబీ కాడ బస్సెక్కుత. ఎట్లాగూ ఫిరీనే గదా. నువ్వు పది గంటలకు సీసీసీ కాడ ఉండు. ఆధార్ జిరాక్సులు తియ్యాలె, రెండు."